తరగతి వెబ్‌సైట్ పిల్లలకు పనికొస్తోందా? కొలిచి చూడటం ఎలా

ఉపాధ్యాయులు తమ తరగతి కోసం సొంతంగా ఒక వెబ్‌సైట్ తయారు చేసుకోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. 2008లో గూగుల్ సైట్స్ వచ్చాక, ప్రోగ్రామింగ్ రానివారు కూడా ఒక సాయంత్రం కూర్చుంటే నాలుగు పేజీలు పెట్టగలుగుతున్నారు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక అలాంటి పేజీ అవసరం ఎంత ఉందో చాలామందికి తెలిసొచ్చింది. నోట్సు, హోంవర్కు, వీడియోలు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ అక్కడికి చేరాయి. అయితే తయారీ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతైనా, అది పిల్లలకు పనికొస్తోందా అని పరిశీలించడం మీద పెట్టేవారు తక్కువ. తోటి ఉపాధ్యాయుడు చూసి "బాగుంది" అంటే పరీక్ష అయిపోయినట్టే. రంగుల శీర్షిక, కదిలే అక్షరాలు, మెరిసే బొమ్మలు ఉండి, రేపటి హోంవర్కు ఎక్కడుందో పిల్లవాడికి దొరకని వెబ్‌సైట్‌కు పైన పటారం, లోన లొటారం అన్న సామెత సరిగ్గా సరిపోతుంది.

వెబ్‌సైట్ రూపకల్పనను, ఉపయోగాన్ని కొలవడానికి శాస్త్రీయమైన పద్ధతులు ఉన్నాయి. వాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. ఒక గడియారం, ఒక కాగితం, ఒక మామూలు ఫోన్, అయిదుగురు పిల్లలు చాలు. ఈ పద్ధతులను పరీక్షించడానికి కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ వంటి ప్రాంతాన్ని ఊహించుకుంటే విషయం స్పష్టంగా అర్థమవుతుంది. అక్కడి పిల్లల చేతిలో నిలబడిన పేజీ దాదాపు ఎక్కడైనా నిలబడుతుంది.

రేవు పక్కన ఒక తరగతి

ఖిదిర్‌పూర్ హుగ్లీ నది ఒడ్డున ఉన్న పాత రేవు ప్రాంతం. ఇక్కడి డాక్ 1892లో ప్రారంభమైంది. 1902 మార్చి 27న కోల్‌కతాలో మొదటి విద్యుత్ ట్రామ్ ఎస్‌ప్లనేడ్ నుంచి బయలుదేరి వచ్చింది ఇక్కడికే. బెంగాలీ, ఉర్దూ, హిందీ ఒకే వీధిలో వినిపిస్తాయి. పక్కనున్న గార్డెన్‌రీచ్‌లో ఒకనాటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. అదే నేటి ఆగ్నేయ రైల్వే. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు బెంగాల్ చేరింది ఆ రైలు దారిలోనే. వారి సంఖ్యను, ముఖ్యంగా ఖరగ్‌పూర్ తెలుగువారిని దృష్టిలో ఉంచుకుని, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది.

ఇలాంటి చోట ఒక తరగతిలో పిల్లల ఇంటి భాష ఒకటి, బడి మాధ్యమం ఇంకొకటి, ఫోన్‌లో పెట్టుకున్న భాష మరొకటి కావచ్చు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే. అది తండ్రితో పాటు పనికి వెళుతుంది, రాత్రి ఎనిమిదికి ఇంటికి వస్తుంది. తమ్ముడి వంతు పోగా ఆమె చేతికి వచ్చేది నలభై నిమిషాలు. అప్పటికి ఆ రోజు డేటాలో మిగిలిందే మిగిలింది. టీచర్ పెట్టిన వెబ్‌సైట్ పరీక్షకు నిలబడాల్సింది ఆ నలభై నిమిషాల్లోనే.

ఈ ఊహకు గణాంకాల ఆధారం ఉంది. దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో విద్యపై ఏటా సర్వే చేసే 'అసర్' నివేదిక ప్రకారం, బడిలో చేరిన పిల్లల్లో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు 2018లో 36.5 శాతం. 2021 నాటికి ఇది 67.6 శాతానికి పెరిగింది. కానీ అదే 2021 నివేదికలో ఇంకో అంకె ఉంది. ఇంట్లో ఫోన్ ఉన్నా చదువు కోసం అది అసలు చేతికి అందని పిల్లలు 26.1 శాతం. ఇవి పల్లెల అంకెలు, ఖిదిర్‌పూర్ మహానగరంలో భాగం. అయినా ఇంట్లో ఫోన్ ఉండటానికీ, అది పిల్లల చేతిలో ఉండటానికీ మధ్య ఉన్న తేడా ఇరుకిళ్లున్న నగరపు వాడలకూ వర్తిస్తుంది. "మా తరగతిలో అందరికీ ఫోన్లు ఉన్నాయి" అన్న మాట విని పేజీని రూపొందిస్తే మొదటి మెట్టులోనే తప్పు జరుగుతుంది.

ముందు పని ఏమిటో తేల్చుకోవాలి

దేన్ని కొలవాలన్నా, అది ఏ పని కోసం ఉందో ముందు తేలాలి. పాఠాలు, వీడియోలు ఒకచోట చేర్చే పని ఇప్పటికే ప్రభుత్వ వేదికలు చేస్తున్నాయి. 2017 సెప్టెంబరు 5న మొదలైన 'దీక్ష' వేదికను పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ల ద్వారా చేరుకోవచ్చు. పశ్చిమ బెంగాల్ పాఠశాల విద్యాశాఖకు 'బాంగ్లార్ శిక్షా' అనే పోర్టల్ ఉంది. వాటిలో ఉన్నదాన్నే మళ్లీ తెచ్చి తన పేజీలో గుమ్మరించే ఉపాధ్యాయుడు పిల్లలకు కొత్తగా ఇచ్చేది ఏమీ ఉండదు. తరగతి వెబ్‌సైట్‌కు విలువ వచ్చేది, ఆ తరగతి ఉపాధ్యాయుడు మాత్రమే చెప్పగలిగినదాన్ని చెప్పినప్పుడు. ఈ వారం ఎక్కడిదాకా వచ్చాం, బడికి రానివాళ్లు ఏం చదువుకోవాలి, నిన్నటి పరీక్షలో ఎక్కువమంది ఏ లెక్క దగ్గర తడబడ్డారు అన్నవి ఏ జాతీయ పోర్టల్‌లోనూ ఉండవు.

ఆ ఊరి అనుభవాన్ని పాఠంలోకి తేవడం కూడా అలాంటిదే. తేలియాడే వస్తువుల పాఠాన్నే తీసుకోండి. సముద్రం నుంచి ఖిదిర్‌పూర్ డాక్‌కు రావాలంటే ఓడ దాదాపు 200 కిలోమీటర్లు నదిలో ఎదురెక్కి రావాలి. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోలు, మంచినీటిది 1,000 కిలోలు. ఓడ బరువు మారదు కాబట్టి, పలుచని నీటిలో అదే బరువును మోయడానికి అది మరికొంత నీటిని పక్కకు నెట్టాలి, అంటే మరికొంత మునగాలి. పెట్టె ఆకారంలో ఉన్న ఓడ సముద్రంలో 6 మీటర్ల లోతు మునిగితే మంచినీటిలో 6.15 మీటర్లు మునుగుతుంది. ఈ 15 సెంటీమీటర్ల తేడా కోసమే ఓడల పక్కన ఉప్పునీటికి ఒకటి, మంచినీటికి ఒకటిగా వేర్వేరు గీతలు గీస్తారు. ఆర్కిమెడీస్ సూత్రాన్ని బట్టీ పట్టిన పిల్లలు కూడా డాక్ దగ్గర ఆ గీతలు చూశాక ప్రశ్నలు మొదలుపెడతారు. ఇలాంటి పేజీ రాయగలిగేది అక్కడి ఉపాధ్యాయుడే. ఇక చూడాల్సింది, ఆ పేజీ ఆ అమ్మాయి ఫోన్‌లో ఏమవుతుందన్నది.

పేజీ బరువు

ఆ పాఠాన్ని ఉపాధ్యాయుడు నోట్‌బుక్‌లో చేత్తో రాసి, ఇరవై పేజీలు ఫొటో తీసి, పీడీఎఫ్‌గా పెట్టారనుకుందాం. పేజీకి ఒక ఎంబీ చొప్పున 20 ఎంబీ. సెకనుకు ఒక మెగాబిట్ వేగం అందే చోట అది దిగడానికి 160 సెకన్లు, అంటే రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. అదే పాఠాన్ని అక్షరాలుగా టైపు చేస్తే? యూనికోడ్‌లో బెంగాలీ, దేవనాగరి, తెలుగు లిపుల్లోని ఒక్కో సంకేతానికి సాధారణంగా మూడు బైట్లు పడుతుంది. నాలుగు వేల సంకేతాల పాఠం 12 వేల బైట్లు. పేజీ అలంకరణకు అయ్యే బరువు విడిగా ఉన్నా, పాఠం మాత్రం సెకనులో పదో వంతులో దిగిపోతుంది. రెండూ చదివేవారికి ఒకటే. డేటా ఖర్చులో మాత్రం ఒకటి మరొకదానికి దాదాపు 1,700 రెట్లు.

దీన్ని కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. వైఫై కట్టేసి, ఫోన్ సెట్టింగ్స్‌లో బ్రౌజర్ వాడిన డేటా ఎంతో రాసుకుని, తన పేజీని ఒకసారి తెరిచి, మళ్లీ అంకె చూసుకుంటే చాలు. అయితే తాను రోజూ తెరిచే ఫోన్‌లో కాదు. ఒకసారి తెరిచిన పేజీలోని బొమ్మలను బ్రౌజర్ దాచిపెట్టుకుంటుంది కనుక రెండోసారి అది తేలిగ్గా కనిపిస్తుంది. అంతకు ముందెన్నడూ ఆ పేజీని తెరవని ఫోన్ తీసుకోవాలి. బడిలో వేగంగా తెరుచుకునే పేజీని చూసి తృప్తి పడే ఉపాధ్యాయులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

కనిపించడం, చదవగలగడం

తెరపై అక్షరం కనిపించాలంటే దాని వెలుగుకూ, వెనకున్న రంగు వెలుగుకూ మధ్య తేడా ఉండాలి. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన అందుబాటు మార్గదర్శకాలు మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు ఈ నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలంటాయి. తెలుపుపై నలుపుకు ఇది 21:1, అంటే సాధ్యమైనంత గరిష్ఠం. తెలుపుపై పసుపుపచ్చకు 1.07:1 మాత్రమే, అంటే దాదాపు ఏమీ లేనట్టే. బడి వెబ్‌సైట్లలో తరచుగా కనిపించే నీలంపై ఎరుపు అక్షరాలకు 2.15:1. మంచి కంప్యూటర్ తెరపై ఇవి పండగలా కనిపిస్తాయి. వెలుతురు తగ్గించి పెట్టుకున్న, గీతలు పడ్డ ఫోన్ తెరపై కళ్లు చిట్లించి చదవాల్సి వస్తుంది. ఈ నిష్పత్తిని లెక్కగట్టే ఉచిత సాధనాలు ఎన్నో ఉన్నాయి. 2023 అక్టోబరులో వచ్చిన ఆ మార్గదర్శకాల 2.2 రూపం, వేలితో నొక్కే బటన్లు మరీ చిన్నవిగా, ఒకదానికొకటి అంటుకుని ఉండకూడదన్న నియమాన్ని కూడా చేర్చింది.

లిపి సంగతి ఇంకాస్త లోతైనది. మన దేశంలో ఎన్నో బడుల్లో ప్రశ్నపత్రాలు ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలోనే తయారవుతాయి. తెలుగులో 'అను' ఫాంట్లు అలాంటివే. వాటిలో టైపు చేసినదాన్ని తెచ్చి వెబ్ పేజీలో అతికిస్తే, ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అర్థంపర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. దాన్ని తప్పించుకోవడానికి అక్షరాలను బొమ్మగా మార్చి పెడతారు. చూడటానికి సమస్య తీరినట్టే ఉంటుంది. కానీ బొమ్మలోని మాటను వెతకలేం, నిఘంటువులో అతికించి అర్థం చూడలేం. చూపు లేని విద్యార్థి ఫోన్‌లోని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలుగా చదవలేదు. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ మూడూ సాధ్యమవుతాయి.

ఉర్దూ పేజీకి ఇంకో చిక్కు ఉంది. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, మధ్యలో వచ్చే అంకెలు, రసాయన సూత్రాలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. పేజీ దిశను కుడి నుంచి ఎడమకు అని స్పష్టంగా పేర్కొనకపోతే వాక్యం చివరి చుక్క మొదటికి చేరుతుంది, సమీకరణం తలకిందులవుతుంది. ఖిదిర్‌పూర్‌లో విజ్ఞానశాస్త్రం చెప్పేవారికి ఇది ఊహాజనితమైన ఇబ్బంది కాదు. అయితే నాలుగు భాషల్లో మొత్తం పాఠం రాయమని ఏ ఉపాధ్యాయుడినీ అడగలేం. పాఠం బడి మాధ్యమంలోనే ఉంచి, 'సాంద్రత', 'ఉత్ప్లవన బలం' వంటి పది ముఖ్యమైన మాటలకు ఇంటి భాషల్లో సమానార్థకాలు ఇవ్వడం ఒక పూటలో అయ్యే పని. దాన్ని పిల్లల చేతే చేయించవచ్చు కూడా.

ఇక బొమ్మలు, కదలికల విషయం. అమెరికన్ మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ దశాబ్దాలపాటు చేసిన ప్రయోగాల్లో తేలిన సంగతి ఒకటి ఇక్కడ నేరుగా పనికొస్తుంది. పాఠానికి సంబంధం లేని ఆసక్తికరమైన బొమ్మలు, సంగీతం, కబుర్లు తీసేసినప్పుడు పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు. బొమ్మలోని భాగం పేరు ఆ భాగం పక్కనే ఉంటే మేలు, కింద ఎక్కడో పట్టికలో ఉంటే నష్టం. మనిషి ఒకసారికి మనసులో నిలుపుకోగలిగేది చాలా తక్కువ. వెతుక్కోవడానికి ఖర్చయిన ధ్యాస, అర్థం చేసుకోవడానికి మిగలదు.

అయిదుగురు పిల్లలు, ఒక గడియారం

పేజీ బాగుందా అని పిల్లలను అడిగితే వచ్చే జవాబుకు విలువ తక్కువ. టీచర్ ఎదుట నిలబడి బాగా లేదనే పిల్లవాడు అరుదు. అడగడం మానేసి, పని ఇచ్చి చూడాలి. "నువ్వు బుధవారం బడికి రాలేదనుకో. ఆ రోజు ఏం చెప్పారో, ఏ లెక్కలు చేయాలో ఈ ఫోన్‌లో కనుక్కో" అని చెప్పి పక్కన కూర్చోవాలి. నోరు మెదపకూడదు. మనసులో అనుకునేదంతా పైకి చెబుతూ చేయమనాలి, అదీ ఇంటి భాషలో. ఎన్ని సెకన్లు పట్టింది, ఎన్నిసార్లు వెనక్కి వచ్చాడు, ఎక్కడ ఆగిపోయాడు అన్నవి మాత్రం రాసుకోవాలి. ఈ పరీక్షలో అన్నిటికంటే కష్టమైన భాగం ఉపాధ్యాయుడు మౌనంగా ఉండటమే. "అక్కడ కాదు, పైన చూడు" అన్న ఒక్క మాటతో పరీక్ష పాడైపోతుంది. ఇంట్లో ఆ మాట చెప్పేవారు ఉండరు కదా. అందుకే వేరే తరగతి టీచర్ కూర్చుని చూస్తే ఇంకా మంచిది.

ఎంతమందితో చేయాలి? 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ దీనికి ఒక గణిత నమూనా ఇచ్చారు. వారు పరిశీలించిన ప్రాజెక్టుల్లో, ఒక్కో వ్యక్తితో చేసిన పరీక్షలో సగటున 31 శాతం లోపాలు బయటపడ్డాయి. అంటే ఒకరి తర్వాత ఇంకా దాగి ఉండేవి 69 శాతం. ఇద్దరి తర్వాత 0.69ను 0.69తో గుణిస్తే వచ్చేంత. అలా అయిదుగురి తర్వాత మిగిలేవి సుమారు 16 శాతం, దొరికేవి 84 శాతం. అందుకే ఒకేసారి ముప్పై మందితో చేయడం కంటే అయిదుగురితో చేసి, సరిదిద్ది, మళ్లీ వేరే అయిదుగురితో చేయడం మేలంటారు. ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఆ అయిదుగురూ ఒకే తరహా వాడుకరులై ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు, తెలుగు మాట్లాడే పిల్లలకు అడ్డంకులు వేరైతే, ఒక్కో బృందం నుంచి ముగ్గురు నలుగురిని తీసుకోవాలి. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చేవాళ్లనూ, సొంత ఫోన్ ఉన్నవాళ్లనూ మాత్రమే పిలిస్తే ఎన్ని అయిదులు చేసినా ప్రయోజనం లేదు.

దీనితో పాటు ఒక ప్రశ్నావళినీ వాడవచ్చు. 1986లో జాన్ బ్రూక్ రూపొందించిన 'సిస్టమ్ యూజబిలిటీ స్కేల్'లో పది వాక్యాలే ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు గుర్తు పెట్టాలి. బేసి సంఖ్య వాక్యాలు పొగిడేవి, సరి సంఖ్యవి తెగిడేవి. కాబట్టి బేసివాటి గుర్తులోంచి 1 తీసేస్తారు, సరివాటి గుర్తును 5 లోంచి తీసేస్తారు. మొత్తాన్ని 2.5తో గుణిస్తే 100కు ఇన్ని అని వస్తుంది. ఎన్నో ఉత్పత్తులపై చేసిన అధ్యయనాల సగటు 68. ఇది శాతం కాదు, పరీక్ష మార్కూ కాదు. మార్పులకు ముందు, తర్వాత పోల్చుకోవడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది. పేరు రాయకుండా నింపమనడం మరవకూడదు.

వాడటం తేలికైతే నేర్చుకున్నట్టేనా?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పేజీ వాడటానికి అనువుగా ఉందా అని కొలిచేవి. నలభై నిమిషాలు వృథా కాకుండా చూడటానికి అవి తప్పనిసరి. కానీ హాయిగా తెరుచుకుని, చక్కగా చదివించి, ఏమీ నేర్పని పేజీ ఉండటం పూర్తిగా సాధ్యమే.

ఈ తేడాను చూపే ప్రయోగం ఒకటి ఉంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె కాలేజీ విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. ఒక బృందం దాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక విడత చదివి, ఆ తర్వాత మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవారికి 83 శాతం గుర్తుంది, రాసినవారికి 71 శాతం. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తారుమారైంది. చదివినవారికి 40 శాతం మిగిలితే, రాసినవారికి 61 శాతం మిగిలింది.

తరగతి వెబ్‌సైట్లలో ఎక్కువ భాగం మొదటి బృందం కోసం కట్టినవే. నోట్సు, ఇంకా నోట్సు, దాని కింద మరో నోట్సు. చదివిన పిల్లలకు అప్పటికి అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. ఓడ పాఠం కింద నాలుగు ప్రశ్నలు పెడితే, జవాబులను ఇంకో పేజీలో ఉంచితే, అదే పేజీ రెండో బృందానికి పనికొచ్చేదవుతుంది. "ఖాళీ ఓడ, సరుకు నింపిన ఓడ: మంచినీటిలోకి వచ్చినప్పుడు ఏది ఎక్కువ అదనంగా మునుగుతుంది?" అన్న ప్రశ్నకు కొన్ని బైట్లకు మించి డేటా పట్టదు. పెన్సిల్ పట్టుకుని ఆలోచించేటప్పుడు ఫోన్ తమ్ముడి చేతికి ఇచ్చేయవచ్చు.

నేర్చుకున్నది కొలవడానికి ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెట్టడం తెలిసిన పద్ధతే. పెరిగిన మార్కులను నేరుగా పోల్చడంలో ఒక పొరపాటు ఉంది. సగటు 40 నుంచి 55కు పెరిగిన తరగతి 15 మార్కులు సాధించింది, 70 నుంచి 79కి పెరిగిన తరగతి 9 సాధించింది. కానీ మొదటి తరగతి పెరగడానికి 60 మార్కుల చోటుంది, అందులో పావు వంతు సాధించింది. రెండోదానికి ఉన్న చోటు 30, అందులో 0.30 వంతు సాధించింది. భౌతికశాస్త్ర విద్యలో ఈ నిష్పత్తిని ప్రచారంలోకి తెచ్చిన రిచర్డ్ హేక్ 1998లో 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చారు. ఉపన్యాసాలతో సాగిన కోర్సుల్లో సగటు 0.23, విద్యార్థులు స్వయంగా ఆలోచించి చర్చించే కోర్సుల్లో 0.48 వచ్చింది.

వెబ్‌సైట్ ప్రభావాన్ని తేల్చడంలో ఇంతకంటే పెద్ద ఉచ్చు ఇంకొకటి ఉంది. వెబ్‌సైట్ ఎక్కువ చూసిన పిల్లలకు ఎక్కువ మార్కులు వచ్చాయని సంబరపడటం. సొంత ఫోన్, చదువు మీద ఆసక్తి, అడిగితే చెప్పే పెద్దలు ఉన్న పిల్లలే వెబ్‌సైట్ కూడా ఎక్కువ చూస్తారు. మార్కులు దేనివల్ల వచ్చాయో అలా తేలదు. రెండు సెక్షన్లు ఉంటే ఒక ఉపాయం ఉంది. తేలియాడే వస్తువుల పాఠానికి 'ఎ' సెక్షన్‌కు వెబ్ పేజీ ఇచ్చి, 'బి' సెక్షన్‌కు అవే ప్రశ్నలు కాగితంపై ఇవ్వాలి. తర్వాతి పాఠానికి తారుమారు చేయాలి. ఇలా చేస్తే ఏ సెక్షన్‌కూ అన్యాయం జరగదు, చురుకైన సెక్షన్ ఏదైనా ఆ ప్రభావం రెండు వైపులా పడుతుంది. పరీక్ష వారం ఆగి పెట్టాలి. కాగితంతో చదివినవారికీ అంతే మార్కులు వస్తే, ఆ పాఠానికి వెబ్ పేజీ అక్కర్లేదనే తేలుతుంది. అది పరాజయం కాదు. ఫోన్ అందని పిల్లలకు కాగితం ఇవ్వవచ్చని రుజువు దొరికినట్టు.

పాతబడిపోయే పేజీలు

2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆపేసింది. బడి పాఠాల కోసం అంతకు ముందు తయారైన యానిమేషన్లు కొద్ది రోజుల్లోనే లెక్కలేనన్ని మూగబోయాయి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి 'ఫెట్' అనుకరణల వంటివి హెచ్‌టీఎంఎల్5కు మారి బతికిపోయాయి. లింకుల గతీ అంతే. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందుబాటులో లేవు. యాభై లింకుల పేజీ పెట్టిన ఉపాధ్యాయుడు వాటన్నిటికీ కాపలాదారు అవుతాడు. అయిదు లింకులు పెట్టి, నెలకోసారి నొక్కి చూసుకోవడం అతనికీ సుఖం, పిల్లలకూ సుఖం. ప్రతి పేజీ పైన చివరిసారి మార్చిన తేదీ వేయాలి. తేదీ లేని పరీక్షల టైంటేబుల్ అసలు లేనిదానికంటే ప్రమాదకరం. నిరుటిది చూసుకుని వచ్చిన పిల్లవాడు పరీక్షే పోగొట్టుకోవచ్చు.

పిల్లల వివరాల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. గోడమీద అతికించిన మార్కుల జాబితా వారంలో చిరిగిపోతుంది. వెబ్‌లో పెట్టిన జాబితా ఎవరు వెతికినా దొరుకుతూ ఏళ్ల తరబడి ఉంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలంటుంది. మార్కులు, ఫోన్ నంబర్లు, పేర్లతో కూడిన ఫొటోలు తరగతి పేజీలో ఉండాల్సిన అవసరమే లేదు. అవి లేకుండానే పైన చెప్పిన పనులన్నీ జరుగుతాయి.

పశ్చిమ బెంగాల్ రాష్ట్ర బోర్డు బడుల్లో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మాధ్యమిక్ పరీక్షలు ఈమధ్య ఫిబ్రవరిలో జరుగుతున్నాయి. కాబట్టి అక్కడి ఉపాధ్యాయుడికి డిసెంబరు చివరి వారమే పేజీని ఖాళీ చేసుకోవాల్సిన సమయం. వెళ్లిపోతున్న తరగతి టైంటేబుల్, హోంవర్కు, గడిచిన ప్రకటనలు తీసేయాలి. ఓడ పాఠం ఉంచాలి. దాని కింద పిల్లలు ఏ ప్రశ్న దగ్గర ఎక్కువగా ఆగిపోయారో రాసుకున్న కాగితం కూడా పారేయకుండా దాచుకుంటే, జనవరిలో వచ్చే తొమ్మిదో తరగతికి ఆ ప్రశ్న ముందు ఒక చిన్న బొమ్మ గీసి పెట్టవచ్చు.